క్లచ్ లేని కారు

అల్వాల్, సికింద్రాబాద్
నవంబరు 1998

ప్రియమైన కృపకు,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం అందింది. ఇక్కడ అమ్మ క్షేమం. మణి క్షేమం. కువైట్‌లో నువ్వూ, నీ గదిలో ఉండే మిగతా సిస్టర్లూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. సెలవు ముగించుకుని మీ ఆసుపత్రికి తిరిగి వస్తున్న మేబెల్ చేతికి ఇస్తున్నాను. నువ్వు చదువుతున్నంతసేపూ పక్కనే కూర్చుంటానని తను నాకు మాట ఇచ్చింది. కాగితాలు తిప్పి చివర ఏముందో ముందే చూడకు. నేను ఏ వరసలో రాశానో ఆ వరసలోనే చదువు. ఇంత ధైర్యం కూడగట్టుకోవడానికి నాకు ఆ వరసే కావలసి వచ్చింది.

ముందు నీ ప్రశ్నలు. అమ్మ కుడి కంటికి పొర తీశారు. చూపు బాగా వచ్చింది. ఇప్పుడు వరండాలో కూర్చుని బియ్యం తనే ఏరుతోంది. మొదటి రోజు చేటలో రాళ్లు చూసి, "ఇన్నాళ్లూ మీకు రాళ్లన్నం పెట్టానంట్రా? ఒక్కళ్లన్నా చెప్పారు కాదే!" అని మమ్మల్నే కోప్పడింది. మణి జడ కత్తిరించుకున్న మాట నిజమే. నీకెవరు చేరవేశారో గాని, భుజాల దాకా ఉంచుకుంది, బాగానే ఉంది. కాలేజీకి బస్సులో వెళ్లి వస్తోంది. కెమిస్ట్రీ కష్టంగా ఉందంటుంది కాని పుస్తకం మాత్రం వదలదు. గుడికి సున్నం వేయించారు. పాస్టరుగారు నిన్ను అడిగినట్టు రాయమన్నారు.

నువ్వు పంపిన సామాను భద్రంగా చేరింది. మేబెల్ దాన్ని తువ్వాల్లో చుట్టి, చంటిబిడ్డను తెచ్చినట్టు చేతి సంచిలో పెట్టుకుని తెచ్చింది. సెలవు రోజున, ఆ ఎండలో, నేను గీసి పంపిన బొమ్మ పట్టుకుని పాత కార్ల సామాన్ల బజారంతా తిరిగావట. నర్సుకి గేరుబాక్సు ముక్కతో ఏం పనని కొట్టువాడు నవ్వాడట. నువ్వు రాసింది చదివి మణి కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"మీకు ట్రావెల్స్ కంపెనీ బండి ఉండగా, చచ్చిపోయిన ఆ పాత కారు మీద ఇంత పట్టుదల ఎందుకు?" అని కొన్ని ఉత్తరాలుగా అడుగుతున్నావు. ప్రతిసారీ నేను వేరే సంగతేదో రాసి తప్పించుకున్నాను. జవాబు చెప్తాను. దానికి ముందు కారు సంగతి చెప్పనీ.

నేరేడ్‌మెట్ డాక్టరు వెంకటరత్నంగారి తెల్ల జర్మనీ కారు నీకు గుర్తుంది కదా. మణి పుట్టినప్పుడు నిన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చింది ఆ బండిలోనే. ట్రావెల్స్‌లో చేరకముందు చాలా ఏళ్లు దాన్ని నేనే నడిపాను. డాక్టరుగారు పోయాక వాళ్లబ్బాయి ఎవరో డ్రైవరును పెట్టి కొన్నాళ్లు తిప్పాడు. ఒక వేసవిలో వెనకనుంచి మేఘంలా తెల్లపొగ రావడం మొదలైంది. గేరు వేస్తే కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఎవరో తన్నినట్టు బండి ముందుకు దూకేది. మూడో గేరుకి మారే చోట ఇంజను గోలపెట్టేది కాని చక్రాల్లోకి బలం వచ్చేది కాదు. చూసిన ప్రతి మెకానిక్కూ ఇంజనూ పోయింది, గేరుబాక్సూ పోయిందన్నాడు. బండిని షెడ్డులో పెట్టి తలుపు మూశారు.

జూన్‌లో డాక్టరుగారి భార్య విజయమ్మగారు దాన్ని తుక్కువాడికి ఇచ్చేస్తున్నారని విన్నాను. పక్కింటి శారదమ్మగారింటి నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఒక్కసారి నన్ను చూడనివ్వండి" అన్నాను.

"తీసుకెళ్లి చూసుకో జీవరాజూ. ఆయన పోయాక ఆ షెడ్డు తలుపు తీయాలంటేనే నా వల్ల కావడం లేదు" అన్నారు ఆమె.

తుకారాం తన జీపుకి తాడు కట్టి దాన్ని బొల్లారం రోడ్డులో ఉన్న తన షెడ్డుకి లాక్కొచ్చాడు. తుకారాం నీకు తెలిసినవాడే, మన పెళ్లికి లారీలో కుర్చీలు తెచ్చినవాడు. లారీల గేరుబాక్సులు వాడికి కొట్టిన పిండి. ఇలాంటి బండి మాత్రం ఎప్పుడూ విప్పలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, స్టార్ట్ చేసి, పొగలోంచి దగ్గుకుంటూ బయటకొచ్చాడు.

"రాజన్నా, ఇంజన్ సుత పాయె, గేరు డబ్బా సుత పాయె. ఇడ్సిపెట్టు. నీకెందుకే గీ పరేషాన్?"

"ఇది నాకు కావాలి తుకారాం" అన్నాను.

వాడు నా మొహం చూశాడు. వెళ్లి పానాలు తెచ్చుకున్నాడు.

మొదట పొరపాటు చేశాం. పొగ వస్తోంది కాబట్టి ఇంజనే అనుకుని పైభాగం విప్పాం. లోపల అంతా శుభ్రంగా ఉంది. విప్పిన కష్టం, బిగించిన కష్టం రెండూ వృథా. తర్వాత గేరుబాక్సు నూనె చూద్దామంటే తుకారాం లారీకి చూసినట్టు ఇంజను ఆపి నూనె కొలిచే పుల్ల తీశాడు. దీనికి అలా చూడకూడదు. బండి చదును నేల మీద ఉండాలి, ఇంజను వేడెక్కి తిరుగుతూ ఉండాలి, అప్పుడు పుల్ల తీయాలి. డాక్టరుగారి రోజుల్లో నేను చేసిన పనే, మర్చిపోయాను. అలా తీసి చూస్తే పుల్ల కొసకు కూడా నూనె అంటలేదు. కొత్త నూనె పోశాం. కాస్త నయమైంది. నాలుగు రోజులు తిప్పి చూస్తే మళ్లీ పుల్ల పొడిగా ఉంది.

కారు కింద అట్టలు పరిచాం. మర్నాడు చూస్తే ఒక్క మరక లేదు.

"నేల మీద బొట్టు లేదు. మరి నూనె ఏడికి పోతున్నదే? దయ్యం తాగుతున్నదా?" అన్నాడు తుకారాం.

నేను బల్ల మీద కూర్చుని ఆలోచించాను. ఇంజను ఇంత పొగ వదులుతోంది కదా, ఇంజను నూనె తగ్గాలి. అది తగ్గడం లేదు. గేరు నూనె తగ్గుతోంది, నేల మీదేమో కారడం లేదు. ఇక్కడ మాయమయ్యేదే అక్కడ కాలుతోందేమో! ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య సన్నటి రబ్బరు గొట్టం ఒకటి ఉంది. దాన్ని ఊడదీసి చూడమన్నాను. తుకారాం బండి కింద పడుకుని లాగాడు. గొట్టంలోంచి వాడి అరచేతిలో ఎర్రటి నూనె పడింది. గేరు నూనె రంగు ఎరుపు. ఆ గొట్టంలో గాలి తప్ప ఇంకేమీ ఉండకూడదు.

గొట్టం చివర గేరుబాక్సుకి జర్దా డబ్బా అంత రేకు డబ్బా ఉంటుంది. ఇంజను ఎంత బరువు లాగుతోందో దాని ద్వారానే గేరుబాక్సుకి తెలుస్తుంది. దాని లోపలి రబ్బరు పొర చిరిగిపోయింది. ఆ చిరుగులోంచి ఇంజను గేరు నూనెను పీల్చి కాల్చేస్తోంది. అదే పొగ. గేరులో నూనె తక్కువై పట్టు తప్పుతోంది. అందరూ రెండు రోగాలనుకున్నది ఒక్కటే.

నేను బొమ్మ గీసి నీకు పంపింది ఆ రేకు డబ్బానే. నువ్వు పంపింది బిగించిన రోజు పొగ ఆగిపోయింది. తుకారాం సైలెన్సరు దగ్గర తెల్ల చేతిరుమాలు పట్టి, దానికి మరక అంటలేదని వీధిలో పోయేవాళ్లందరికీ చూపించాడు.

మూడో గేరు మాత్రం ఇంకా జారుతూనే ఉంది. నూనె లేకుండా చాలా దూరం తిప్పడం వల్ల లోపల దెబ్బ తగిలింది. గేరుబాక్సు అడుగు పళ్లెం విప్పితే నూనె నల్లగా, మాడిన వాసనతో ఉంది. పళ్లెంలో టీ పొడి మడ్డిలాంటి పొడి పేరుకుంది. గేరుబాక్సు దింపక తప్పలేదు. లోపల ఇనప రేకులూ, గరుకు పూత ఉన్న ప్లేట్లూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నూనె ఒత్తిడికి అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నప్పుడు గేరు పడుతుంది. మా ప్లేట్ల మీద పూత ఊడి, అరిగిపోయిన గాజుల్లా నున్నగా అయ్యాయి.

కొత్తవి బొంబాయి నుంచి తుకారాం లారీ స్నేహితుడు తెచ్చాడు. అమ్మ పాత దుప్పటి ఇస్తే దాని మీద ప్రతి ముక్కా తీసిన వరసలో పెట్టాం. కింద పడుకునే పని తుకారాంది. నేను బల్ల మీద కూర్చుని ముక్కలు కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, కొత్త ప్లేట్లు నూనెలో నానబెట్టి అందించాను. అంతా బిగించి స్టార్ట్ చేస్తే ముందుకు చక్కగా కదిలింది. రివర్సు మాత్రం పడలేదు. ఇంజను ఎంత పెంచినా బండి వెనక్కి అంగుళం జరగలేదు.

తుకారాం టైరుకి ఆనుకుని కూలబడ్డాడు. "నాతోని కాదు రాజన్నా. నేను లారీలోణ్ణి. ఎవడన్న తెలిసినోనికి ఇద్దాం."

అమ్మ అన్నం క్యారియరు పట్టుకుని అప్పుడే వచ్చింది. వాడి మాట విని, "ముందు తినరా. ఆకలి మీద ఏదీ చేతకాదనిపిస్తుంది" అని కంచంలో పెట్టింది. తిన్నాక వాడు మళ్లీ నట్లు విప్పడం షురూ చేశాడు. లోపల ఒక రబ్బరు రింగు అంచు బిగించేటప్పుడు మడత పడింది. అక్కడినుంచి ఒత్తిడి జారిపోతోంది. అంచు సరిచేసి, నూనె రాసి, వేలితో చుట్టూ తడిమి చూసుకుని మళ్లీ కూర్చోబెట్టాం. ఈసారి రివర్సు పడింది. వేశాక ఒక్క క్షణం ఆలోచించి మరీ కదులుతుంది. ఆ క్షణం ఇప్పటికీ పోలేదు. దాన్ని ఇంక కెలకొద్దన్నాడు తుకారాం.

బండిని షెడ్డు వెనక ఖాళీ మైదానంలో నిలబెట్టాడు. దిగి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "ఎక్కు" అన్నాడు. నేను కదల్లేదు. "ఎక్కే. గింత చేసింది ఎందుకు మరి?" అని భుజం కింద చెయ్యి వేసి లేపాడు.

కృపా, ఇప్పుడు రాయాలి.

నీ ప్రతి ఉత్తరం చివరా ఒక ప్రశ్న ఉంటుంది. "పాదాలు రోజూ చూసుకుంటున్నారా?" అని. ఇన్ని నెలలుగా దానికి నేను జవాబు రాయలేదు. నా ఎడమ కాలు ఇప్పుడు లేదు. మోకాలి కింద నుంచి తీసేశారు.

కాసేపు ఆగు. మేబెల్ పక్కనే ఉంది. తరవాత చదువు.

ఈస్టరు వెళ్లాక జరిగింది. కంపెనీ ఇచ్చిన కొత్త బూట్లతో ఒక పార్టీని తిరుపతి తీసుకెళ్లి వచ్చాను. బూటులో చిన్న రాయి ఉందట. రానూపోనూ అది బొటనవేలి కింద ఉన్నా, షుగరుకి మొద్దుబారిన పాదం కాబట్టి నాకు తెలియలేదు. ఇంటికొచ్చి మేజోడు విప్పితే తడిగా ఉంది. పుండు చిన్నదే కదాని పసుపు రాసి ఊరుకున్నాను. షుగరు మాత్రలు అంతకుముందే అయిపోయాయి, తెచ్చుకోలేదు. వేలు నల్లబడింది. జ్వరం వచ్చింది. అమ్మ వాసన పట్టి తుకారాంను పిలిపించేసరికి పాదం వాచిపోయింది. ఆసుపత్రిలో మొదట వేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత డాక్టరు నా మంచం మీద కూర్చుని, ఇంక పైకి పోకుండా ఉండాలంటే ఇక్కడిదాకా తీయాలని చేత్తో చూపించాడు. వాళ్ల తప్పు ఏమీ లేదు. ప్రాణం నిలబెట్టారు.

ఆ ఆదివారం నువ్వు శారదమ్మగారింటికి ఫోన్ చేస్తే, నేను శ్రీశైలం వెళ్లానని అమ్మ చెప్పింది. నేనే అలా చెప్పమన్నాను. చెప్పి వచ్చి ఆసుపత్రిలో నా తల దగ్గర కూర్చుని, "నా చేత అబద్ధం ఆడించావు. రేపు ఆ పిల్ల మొహం ఎలా చూడాలి?" అని ఏడ్చింది. మణి నాతో కొన్ని రోజులు మాట్లాడలేదు. దాని తప్పేమీ లేదు, నా మాట మీదే నోరు మూసుకుంది. దాన్ని ఏమీ అనకు.

తర్వాత నేనే కర్రల మీద శారదమ్మగారి హాలులో నిలబడి నీతో మాట్లాడాను. "గొంతు నీరసంగా ఉందేం?" అన్నావు. దూరం డ్రైవింగని చెప్పాను. ఒకసారి చెబుదామని నోరు తెరిచాను. అప్పుడే నువ్వు, వార్డులో కొత్త యూనిట్ నీకు అప్పగించారని సంతోషంగా చెప్పడం మొదలుపెట్టావు. నోరు మూసుకున్నాను.

నీకు తెలిస్తే కాంట్రాక్టు మధ్యలో వదిలేసి వచ్చేస్తావని దాచాను. ఇది నిజమే. కాని ఇదొక్కటే కాదు. నాకు సిగ్గేసింది. డ్రైవరుగా తప్ప నేను నీకు ఇంకేమీగా తెలియను. పెళ్లిచూపులకి కూడా ఎవరిదో కారు నడుపుకుంటూ వచ్చినవాణ్ణి. కాలు లేనివాడిగా ముందు నీ ఎదుట పడకూడదని, మళ్లీ స్టీరింగు పట్టుకున్నాకే చెప్పాలని పంతం పట్టాను. ట్రావెల్స్ ఓనరు ఇంటికొచ్చి పళ్లు పెట్టి, మంచి మాటలు చెప్పి, నా బండి తాళం అడిగి తీసుకెళ్లాడు. అతని మీద నాకు కోపం లేదు. ఊళ్లో ఏ బండి చూసినా మూడు పెడళ్లు. క్లచ్ తొక్కే కాలు లేకపోతే ఏ బండీ నాది కాదు.

ఆసుపత్రిలో మంచం మీద పడుకున్నప్పుడు లేని పాదం క్లచ్ తొక్కుతూ ఉండేది. నువ్వు నర్సువి, అలా ఉంటుందని నీకు తెలుసు. నాకు తెలియదు. పిచ్చి పట్టిందనుకున్నాను. దుప్పటి ఎత్తి ఖాళీ వైపు చూసి, దింపేసేవాణ్ణి. అలా చూస్తున్నప్పుడే ఒకరోజు డాక్టరుగారి కారు గుర్తొచ్చింది. దానికి క్లచ్ లేదు. దాన్ని నడిపిన అన్నేళ్లూ నా ఎడమ కాలు ఊరికే పడి ఉండేది. అదీ నీ ప్రశ్నకు జవాబు. అందుకే నిన్ను బజారంతా తిప్పాను, ఎందుకో చెప్పకుండా. అది తలుచుకునే నవ్వు రాలేదని మొదట రాశాను.

ఆ మైదానంలో సీటులో కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను. గేరు వేసి బ్రేకు మీదనుంచి కాలు తీస్తే బండి దానంతట అదే మెల్లగా కదిలింది. తుకారాం పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను ఏడుస్తున్నానని చూడకుండా ఉండడానికి. ఒక రౌండు తిరిగాక, "మూడో గేరు పడ్డది. తెలిసిందా?" అన్నాడు. నాకు తెలియలేదు. అంత మెత్తగా పడింది.

ఈ బండికి పార్కింగ్ బ్రేకు ఎడమ కాలితో తొక్కేది. తుకారాం దాన్ని చేత్తో లాగేలా మార్చాడు. ఆ తర్వాత బండి చూపించడానికి నేరేడ్‌మెట్ వెళ్లాం. వాడు నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. కర్రలు పట్టుకుని దిగిన నన్ను చూసి విజయమ్మగారు గేటు పట్టుకుని నిలబడిపోయారు. నా సంగతి ఆమెకు తెలియదు.

"అమ్మా, మీరు ఒప్పుకుంటే ఈ బండికి మళ్లీ నేనే డ్రైవరుగా ఉంటాను" అన్నాను.

ఆమె వచ్చి బండి తలుపు మీద చెయ్యి వేశారు. తర్వాత, "నీ మీద నాకు జాలి లేదనుకోకు జీవరాజూ. కాని భయంగా ఉంది. నా భయం నేను దాచుకోలేను" అన్నారు.

"దాచుకోవద్దమ్మా. సర్కారు వాళ్లు చూసి లైసెన్సు ఇస్తేనే నడుపుతాను. ఇచ్చినా మీకు ధైర్యం వచ్చినప్పుడే ఎక్కండి."

ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఇన్‌స్పెక్టరు మొదట నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. తర్వాత కారు లోపలికి వంగి చూసి, రెండే పెడళ్లున్నాయని గమనించి, పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఎత్తు మీద ఆపించాడు, మళ్లీ కదిలించమన్నాడు, స్తంభాల మధ్య వెనక్కి పెట్టించాడు. రివర్సు ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆలోచించింది. బండి కదిలింది. ఈ రకం బండి తప్ప వేరేది నడపకూడదని రాసి, లైసెన్సు ఇచ్చాడు.

విజయమ్మగారు వెంటనే ఎక్కలేదు. వాళ్ల వీధిలోనే నేను తిప్పుతుంటే వరండాలోంచి చూసేవారు. ఒక ఉదయం చీర మార్చుకుని, గేటు తాళం వేసుకుని వచ్చి, "కాప్రాలో మా చెల్లెలు కమలాబాయి ఇంటికి పోదాం. ఆయన పోయాక దాన్ని చూడలేదు" అన్నారు. వెనక కూర్చున్నారు, సీటు అంచు పట్టుకుని. కాప్రా చెరువు దగ్గర ఆటో ఒకటి సందులోంచి ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. నా కుడికాలు బ్రేకు తొక్కింది. అదే క్షణంలో ఎడమ తొడ లేచింది, లేని పాదం క్లచ్ కోసం వెతికింది. బండి ఆగింది. ఇంజను ఆగలేదు. ఆటోవాడు చెయ్యెత్తి దణ్ణం పెట్టి పోయాడు.

"ఏమైంది?" అన్నారు ఆమె.

"పాత అలవాటమ్మా" అన్నాను.

అక్కచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని గుమ్మంలోనే ఏడ్చారు. తిరిగి వచ్చేటప్పుడు విజయమ్మగారు సీటుకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. ఇప్పుడు ఆమెకు నేను రోజూ నడుపుతున్నాను. ఆ వీధిలోని పెద్దవాళ్లను కూడా ఆసుపత్రులకు తీసుకెళ్లమని ఆమే పంపుతున్నారు. కట్టుడు కాలికి కొలత ఇచ్చాను. కుడి పాదం రోజూ ఉదయం మణి చూస్తుంది, వేళ్ల సందులు కూడా. మాత్రలు వేళకు వేసుకుంటున్నాను. ఈ మాట నువ్వు నమ్మకపోతే తప్పు నాదే.

మేబెల్ సంగతి కూడా చెప్పాలి. "అంతా బాగానే ఉన్నారు, మిగతాది ఆయన్నే అడుగు" అని తను ముక్తసరిగా రాసిందని అనుమానపడ్డావు. సామాను తెచ్చిన రోజు నేను మంచం మీద మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. తను వచ్చి కూర్చుంది, కాఫీ తాగింది. తర్వాత, "అన్నయ్యా, ఆ దుప్పటి తియ్యండి" అంది. తీశాను. కుట్లు మానిన చోటు చేత్తో తడిమి చూసింది. లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది.

"కృపకి తెలియదు కదా?"

"తెలియదమ్మా. నువ్వు రాయొద్దు."

"రాయను. కాని తిరిగి వెళ్లాక దాని మొహం చూసి నేను అబద్ధం ఆడలేను. రోజూ ఇలాంటి పుళ్లు కడిగే మనిషి అది. ఊరూపేరూ తెలియని వాళ్ల కాళ్లు చేతుల్లోకి తీసుకుంటుంది. తన భర్త కాలు సంగతి తనకే ఆఖర్న తెలియాలా?"

నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. నీ చేతుల్లోంచి నీ హక్కు లాక్కున్నానని తను అనేదాకా తట్టలేదు. నా ప్రాణం పోతుందో ఉంటుందో తెలియని రాత్రులు నువ్వు అక్కడ హాయిగా నిద్రపోవాలని నేనే తీర్మానించాను. నిన్ను అడగలేదు.

ఈసారి నేనేమీ తీర్మానించను. అక్కడే ఉండి కాంట్రాక్టు పూర్తి చేస్తావో, సెలవు పెట్టి వస్తావో, అసలు నాతో మాట్లాడతావో లేదో నువ్వే తేల్చుకో. రమ్మని రాయను. వద్దనీ రాయను. నా గురించి భయపడనక్కరలేదని కూడా రాయను, ఎందుకంటే భయపడడం నీ హక్కు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఈ ఆదివారం ఎప్పటిలాగే శారదమ్మగారింటికి ఫోన్ చెయ్యి. నేను అక్కడే ఉంటాను. ఏం అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నువ్వు తిట్టినా సరే, మాట రాక ఏడ్చినా సరే, నీ ఫోన్ కార్డు అయిపోయేదాకా నేను రిసీవరు పెట్టను.

ఇట్లు,
నీ కోపానికి కాచుకుని ఉన్న
నీ భర్త
జీవరాజు